ఉప్పు చెప్పిన లెక్క

కృష్ణాతీరమునుండి యొక రైతుమిత్రుడు ఇటీవల మమ్ము చూడవచ్చెను. పదియెకరముల మాగాణి గల గృహస్థుడు. కుమారుడు ఇంజనీరింగు పట్టమును పొంది రెండేండ్లయినది. కుశలప్రశ్నలైన పిమ్మట ఆయన మెల్లగా తన మనసులోని మాటను బయటపెట్టెను. “అయ్యా, మా అబ్బాయి అమెరికాకు పోయి బిజినెస్ ఎనాలిటిక్సు అను చదువు చదివెదనని పట్టుపట్టినాడు. రెండెకరములు అమ్మవలసి వచ్చునట్లున్నది. అది యేమి చదువో, ఎందుకు పనికివచ్చునో మీరు చెప్పవలెను” అని యడిగెను. ఆ పూట మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి కలిగింపలేదు.

ఈ ప్రశ్న ఆయన యొక్కనిది కాదు. 2023-24 విద్యాసంవత్సరమున అమెరికా విద్యాలయములలో చదివిన భారతీయులు 3,31,602 మంది. ఆ యేట పరదేశ విద్యార్థులలో మనవారే ప్రథమస్థానమున నిలిచిరి. అందు తెలుగుబిడ్డల సంఖ్య స్వల్పము కాదు. ఆ చదువుల వెనుక అమ్ముడుపోయిన పొలములును, తాకట్టుపడిన యిండ్లును, తల్లుల మెడలనుండి బ్యాంకుకు చేరిన బంగారమును కలవు. ఇంత మూల్యమిచ్చి కొనునట్టి వస్తువు ఎట్టిదో విచారించుట అవశ్యకర్తవ్యము. కనుక ఆ మిత్రునకు నాడు చెప్పలేకపోయిన సమాధానమును నేడు పాఠకులందరి యెదుట చెప్ప యత్నించెదము.

వ్యాపారవిశ్లేషణమనగా నేమి? పేరు కొత్తదియైనను పని పాతదే. వ్యాపారము చేయువానికి మూడు ప్రశ్నలు ఎప్పుడును ఉండును. జరిగినదేమి? జరుగబోవునదేమి? చేయవలసినదేమి? మొదటిదానికి చిట్టా ఆవర్జాలు సమాధానము చెప్పును. రెండవదానికి సంఖ్యాశాస్త్రము అనుభవమునుండి సంభావ్యతను గణించి చెప్పును. మూడవది కష్టతరము. ఉన్న సరకు, ఉన్న ధనము, ఉన్న కాలము అను హద్దులలో ఏ మార్గము మేలైనదో నిర్ణయించు గణితము రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనికావసరములకై వృద్ధిచెంది, తరువాత కర్మాగారములకును వర్తకమునకును వచ్చినది. ఈ మూడింటిని కంప్యూటరు సాయమున ఒక్కచోట నేర్పునదే నేటి యీ పట్టము.

మాకు తెలిసిన వ్యాపారమునుండియే ఒక ఉదాహరణము చెప్పెదము. బస్సుస్టాండు వద్ద పత్రికలమ్ము ఏజెంటు ఒకడు కలడనుకొందము. ప్రతి యొక్కటికి 3 రూపాయలిచ్చి కొని 5 రూపాయలకు అమ్మును. మిగిలిన ప్రతిని ఎవరును తిరిగి తీసికొనరు. సగటున దినమునకు 100 మంది కొనువారు వత్తురు. అయితే ఒకనాడు 80, మరియొకనాడు 120. అతడు ఎన్ని ప్రతులు తెప్పింపవలెను? సగటు 100 గనుక 100 అని మనమందరము చెప్పుదుము. అది పొరపాటు. ఒక ప్రతి మిగిలినచో 3 రూపాయలు నష్టము. ఒక ప్రతి చాలకపోయినచో చేజారు లాభము 2 రూపాయలే. ఈ రెంటి మొత్తము 5. అందు చాలకపోవుటవలని నష్టము 2. కావున 100 దినములలో 40 దినములు మాత్రమే గిరాకి పూర్తిగా తీరునన్ని ప్రతులను తెప్పించుట లాభకరము. తక్కిన 60 దినములు కొందరు వట్టిచేతులతో మరలిపోయినను అతనికి మేలే. అనగా 100కు తక్కువయే సరియైన సంఖ్య. అదే ప్రతిని 12 రూపాయలకు అమ్మగలిగినచో లెక్క తారుమారగును. అప్పుడు 75 దినముల గిరాకికి చాలునన్ని తెప్పింపవలెను. విత్తనముల దుకాణమునకును, మందుల అంగడికిని, విమానపు సీట్లకును ఇదియే సూత్రము. ఊహ చెప్పినదానిని గణితము ఇట్లు సవరించును. ఈ విద్య మొదటి ప్రయోజనమిది.

ఇందొక మెలిక కలదు. ఆ ఏజెంటు పుస్తకమున ఎన్ని ప్రతులు అమ్ముడుపోయినవో వ్రాసియుండును గాని, సరకు అయిపోయిన తరువాత వచ్చి మరలిపోయినవారెందరో వ్రాసియుండదు. 90 తెప్పించిన దినమున 90 అమ్మినట్లే పుస్తకము చెప్పును. వచ్చినవారు 130 మంది కావచ్చును. పుస్తకమును నమ్మి లెక్కవేసినవాడు గిరాకిని ఎల్లప్పుడును తక్కువగానే చూచును. లెక్క తప్పు కాదు. లెక్కకు ఆధారమైన చిట్టాయే అసంపూర్ణము. అంకెలలో ఉన్నదానిని చదువుట మొదటిమెట్టు. లేనిదానిని కనుగొనుట రెండవమెట్టు. ఈ రెండవమెట్టు ఎక్కించని చదువు ఎంత ఖరీదైనదైనను అరకొర చదువే. మేము ఈ వ్యాసమున చెప్పదలచిన మాట యిదియొక్కటే.

ఈ వివేకము మనదేశమునకు కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ అధికరణమున గోపుడను ఉద్యోగి ప్రసక్తి కలదు. ఐదు లేక పది గ్రామముల పొలములు, ఇండ్లు, జనసంఖ్య, పశుసంపద, ఆదాయవ్యయములు అన్నియు అతడు లిఖింపవలెను. అంతటితో ఆచార్యుడు తృప్తిపడలేదు. గృహస్థుల వేషమున చారులను గ్రామములకు పంపి, ఆ పొలములను, ఆ యిండ్లను, ఆ కుటుంబములను స్వయముగా విచారించి గోపుని లెక్కతో సరిచూడుమని విధించెను. లెక్క వ్రాయువాడొకడు, సరిచూచువాడు వేరొకడు. రాజు నిర్ణయము ఈ రెంటికిని తరువాత వచ్చును. నేటి విశ్వవిద్యాలయములు దత్తాంశముల శుద్ధియని పెద్దపేరుతో నేర్పునది ఈ సరిచూచుటయే.

ఆధునికకాలమున ఈ శాస్త్రమునకు మనదేశమున పుట్టినిల్లు కలకత్తా. 1931లో ప్రశాంతచంద్ర మహలనోబిస్ అచ్చట భారతీయ సంఖ్యాశాస్త్రసంస్థను స్థాపించెను. ఆనాడు పంటదిగుబడిని గ్రామోద్యోగి గట్టుమీద నిలిచి ‘ఇన్ని అణాల పంట’ యని కంటితో అంచనా వేయుట వాడుక. మహలనోబిస్ వంగదేశపు జనుము పంటను లెక్కించుటకు కొన్ని పొలములను యాదృచ్ఛికముగా నెన్ని, వానినే కొలిపించి, వానినుండి యావద్రాష్ట్రపు పంటను గణించెను. ప్రతి పొలమును తిరిగి చేసిన లెక్కకంటె ఈ నమూనాలెక్కయే వర్తకుల యంకెలకు దగ్గరగా వచ్చెను. వ్యయము మాత్రము అందులో స్వల్పాంశమే. వేలకొలది మంది అజాగ్రత్తగా చేసిన పూర్తిలెక్కకంటె, కొద్దిమంది శ్రద్ధతో చేసిన నమూనాలెక్క మేలని దీనివలన రుజువైనది.

నమూనాలోను మోసపోవచ్చును. పొలమున చిన్నవృత్తమును గీచి పంట కోయించినప్పుడు, గీతమీద నున్న దుబ్బు లోపలిదా వెలుపలిదా యను సందేహము కలుగును. కోతగాడు దానిని లోపలికే చేర్చును. అందుచే దిగుబడి ఉన్నదానికంటె ఎక్కువగా కనబడును. పి. వి. సుఖాత్మే 1940 దశకమున పొలములలో ప్రయోగములు చేయించి ఈ దోషమును చూపెను. ఇది పండితుల వివాదము మాత్రమే యని రైతులు తలపరాదు. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకమున పరిహారము నిర్ణయమగుట ప్రధానముగా ఇట్టి కోతప్రయోగములనుబట్టి. గీతమీది దుబ్బు ఎటుపోయినదను ప్రశ్నపై ఒక గ్రామపు పరిహారము ఆధారపడవచ్చును.

ఈ కలకత్తా కథలో ఆంధ్రదేశమునకును భాగము కలదు. కల్యంపూడి రాధాకృష్ణరావు వాల్తేరులోని ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో గణితమున ఉన్నతపట్టము పొంది, సైనిక సర్వేశాఖలో ఉద్యోగమునకై కలకత్తాకు పోయెను. ఆ యుద్యోగము దొరకలేదు. 1941లో మహలనోబిస్ సంస్థలో చేరెను. ఆ యేడే కలకత్తా విశ్వవిద్యాలయము సంఖ్యాశాస్త్రమున ఉన్నతపట్టపు తరగతులను మనదేశమున మొట్టమొదటిసారిగా తెరచెను. ఆ మొదటితరగతి విద్యార్థులలో రావు ఒకరు. 1943లో పట్టమును పొందిరి. 1945లో, ఇరువదియైదేండ్లు నిండునాటికి, వారు ప్రకటించిన వ్యాసములోని ఫలితము నేడు ప్రపంచమంతట క్రామర్-రావు అవధి యను పేర పాఠ్యగ్రంథములకెక్కినది. చేతనున్న దత్తాంశములనుండి ఎంత నిష్కర్షగా అంచనా వేయగలమో, ఏ హద్దును మించి వేయలేమో అది తెలుపును. అంకెల శక్తిని కనుగొనిన పండితుడే అంకెల హద్దును గూడ కనుగొనెనని గ్రహింపవలెను. 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర పురస్కారమును అందుకొని, ఆ యేటి ఆగస్టులోనే 102 యేండ్ల వయసున వారు పరమపదించిరి.

ఆయన తమ ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ అను గ్రంథమున చెప్పిన వృత్తాంత మొకటి ఈ విద్యకంతకును ఆదర్శప్రాయమైనది. 1947లో దేశవిభజనకాలపు అల్లరులలో వేలకొలది జనము ఢిల్లీ యెఱ్ఱకోటలో తలదాచుకొనిరి. వారికి అన్నము పెట్టు భారమును ప్రభుత్వము వహించి కంట్రాక్టుదారులకు అప్పగించెను. లోపల నున్నవారెందరో ఎవరికిని తెలియదు. బిల్లులు మాత్రము దినదినమును పెరుగుచుండెను. లోనికి పోయి తలలు లెక్కించుటకు అవకాశము లేని దినములవి. ప్రభుత్వము సంఖ్యాశాస్త్రజ్ఞుల నాశ్రయించెను.

వారియొద్ద నున్న ఆధారము ఆ బిల్లులే. దొంగలెక్కయని సందేహింపబడిన కాగితములనుండి నిజమును తీయవలెను. మనుష్యుడొక్కడు దినమునకు సుమారుగా ఎంత బియ్యము, ఎంత పప్పు, ఎంత ఉప్పు వాడునో వెనుకటి విచారణలవలన వారికి తెలియును. బిల్లులోని బియ్యమును తలకు పట్టు బియ్యముచే భాగించిన ఒక జనసంఖ్య వచ్చెను, పప్పుచే మరియొకటి, ఉప్పుచే ఇంకొకటి. మూడును ఒక్కటియే కావలసియుండగా బియ్యము చెప్పిన సంఖ్య అన్నిటికంటె పెద్దది, ఉప్పు చెప్పినది అన్నిటికంటె చిన్నది. కారణ మూహించుట కష్టము కాదు. బియ్యము ప్రియము, ఆ లెక్కను పెంచిన లాభము కలదు. ఉప్పు చౌక, అందు దొంగిలించి బాగుపడువాడు లేడు. కావున ఉప్పు నిజము చెప్పెను. జనసంఖ్య కొంతవరకు తెలిసియున్న హుమాయూను సమాధి శిబిరమున ఈ పద్ధతిని పరీక్షింపగా అదియు సరిపడెను. ఈ యుపాయమును పన్నినవారు కలకత్తా సంస్థకు చెందిన జె. ఎం. సేన్‌గుప్త.

పాఠకులు గమనింపుడు. ఇందలి గణితము మూడవతరగతి బాలుడు చేయదగిన భాగహారమే. గొప్పతనమంతయు ‘ఈ యంకెను వ్రాసినవాడెవడు, దానిని పెంచుటవలన ఎవనికి లాభము?’ అను ప్రశ్నలో నున్నది. ఆ ప్రశ్న వేయనివాడు ఎంత పెద్దయంత్రమును త్రిప్పినను బియ్యపు లెక్కనే నమ్మియుండును.

అట్లు నమ్మి చెడినవారి కథలు మనకాలమున కొదువలేవు. అమెరికాలో జిల్లో అను సంస్థ ఇండ్లధరలను కంప్యూటరుచే అంచనావేసి ప్రకటించి ప్రసిద్ధికెక్కెను. ఆ యంచనాలపై నమ్మకముతో 2018నుండి తానే ఇండ్లు కొని అమ్మసాగెను. 2021 నవంబరులో ఆ వ్యాపారమును మూసివేయుచున్నట్లు ప్రకటింపవలసి వచ్చెను. ఒక్క త్రైమాసికముననే ఇండ్లవిలువలో 30 కోట్ల డాలర్లకు పైగా తగ్గించి వ్రాసికొనెను. సిబ్బందిలో నాలుగవవంతు మందికి ఉద్యోగములు పోయెను. రాబోవు నెలల ధరలను ఊహించుట తాము తలచినదానికంటె మిక్కిలి దుర్ఘటమని ఆ సంస్థవారే ఒప్పుకొనిరి. ధరను చూచుటకొరకు అంచనా వేయుట వేరు. ఆ యంచనాపై సొంతధనమును పణముగా నొడ్డుట వేరు. ఇంటి పైకప్పు కారునని యజమానికి తెలియును, యంత్రమునకు తెలియదు. యంత్రము ఎక్కువ ధర చెప్పిన యిల్లే యజమాని సంతోషముగా అమ్మును గదా!

అది ధనవంతుల నష్టము. మన యింటనే బీదవారికి తగిలిన దెబ్బ ఇంకొకటి కలదు. తెలంగాణములో 2016నుండి లక్షలకొలది ఆహారభద్రత కార్డులు రద్దయినవి. ఇంటింటికి పోయి విచారింపక, కంప్యూటరు లెక్కలనుబట్టి తీసివేసిరని వ్యాజ్యము పుట్టి సుప్రీంకోర్టు వరకు పోయెను. రద్దయిన 19 లక్షలకు పైబడిన కార్డులను క్షేత్రపరిశీలనముచే సరిచూడవలసినదని 2022 ఏప్రిలులో ఆ న్యాయస్థానము ప్రభుత్వమును ఆదేశించెను. అర్హులు కానివారిని తొలగించుట తప్పని మేమనము. గిడ్డంగి లెక్కలో ఒక పొరపాటు జరిగినచో ఒక మూట తగ్గును. అన్నపు లెక్కలో పొరపాటు జరిగినచో ఒక పొయ్యి ఆరును. రెండు పొరపాట్లకు సమానమైన విలువ కట్టు గణితము గణితమే కావచ్చును గాని నీతి కాదు. పత్రికల ఏజెంటు కూడ మిగులుటకు ఒకవెల, చాలకపోవుటకు ఒకవెల వేరువేరుగా కట్టెను. అనర్హునకు బియ్యము పోవుటకు ఎంత వెల, అర్హునకు అందకపోవుటకు ఎంత వెల యని ఎవరైనను ముందుగా అడిగియుండవలసినది. కౌటిల్యుని చారులు చేసిన పనిని న్యాయస్థానము ఆజ్ఞాపించి చేయింపవలసివచ్చుట విచారకరము.

ఇక ఈ విద్య ఎచ్చట లభించును? అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయమున 2007లో మొదలైన విశ్లేషణశాస్త్రపట్టము ఈ జాతికి చెందినవానిలో మొదటిదిగా ప్రఖ్యాతి గాంచినది. తరువాత పదియేండ్లలో అట్టివి దేశమంతట వ్యాపించెను. మనదేశమున 2015లో కలకత్తా సంఖ్యాశాస్త్రసంస్థ, కలకత్తా ఐ.ఐ.ఎం., ఖరగపూరు ఐ.ఐ.టి. మూడును చేరి రెండేండ్ల పట్టభద్రోత్తర డిప్లొమాను నెలకొల్పినవి. విద్యార్థి ఒక్కొక్కచోట ఆరేసి నెలలు చదివి, మరియారునెలలు ఏదేని సంస్థలో పనిచేయవలెను. ఒకచోట సంఖ్యాశాస్త్రము, ఒకచోట యంత్రశాస్త్రము, ఒకచోట వ్యాపారధర్మము, ఆపై అనుభవము. ఈ నాలుగును వేరువేరు విద్యలని ఒప్పుకొనుటయే ఆ యేర్పాటులోని వివేకము. హైదరాబాదులోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ కూడ ఉద్యోగస్థులకై ఇట్టి పాఠ్యక్రమమును నడపుచున్నది.

పరదేశమునకు పోవువారు మరికొన్ని విషయములను ముందే తెలిసికొనవలెను. అమెరికాలో చదువు ముగిసిన విద్యార్థికి 12 నెలలు పనిచేయు అవకాశము కలదు. 2016 నాటి నిబంధన ప్రకారము విజ్ఞాన సాంకేతికశాఖల పట్టములకు మరి 24 నెలలు లభించును. వ్యాపారవిశ్లేషణమను పేరు గల ప్రతి పట్టమును ఆ జాబితాలో చేరినది కాదు; ఏది చేరినదో విద్యాలయమును అడిగి వ్రాతమూలముగా తెలిసికొనవలెను. ఆపై కావలసిన హెచ్-1బి అనుమతులకు చట్టమేర్పరచిన సంఖ్య సాలునకు 85,000 మాత్రమే. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుమును విధించుచు ఆ దేశాధ్యక్షుడు ప్రకటన చేసెను. పరరాజ్యపు నిబంధనలు మన చేతిలోనివి కావు. వానిపై ఆశపెట్టుకొని చేయు అప్పు మాత్రము మనదే.

ఇప్పుడు మా రైతుమిత్రుని ప్రశ్నకు వత్తము. చదువవలదని మేము చెప్పము. మన ధాన్యపు మిల్లులకు, మిరప గిడ్డంగులకు, సహకారసంఘములకు, ఆసుపత్రులకు, పురపాలకసంఘములకు ఈ విద్య మిక్కిలి యవసరము. సొంతలెక్కను తాను సరిచూచుకొనలేని జాతి పరులు వ్రాసిన బిల్లుకు ఎల్లప్పుడును డబ్బు కట్టుచునే యుండును. అట్లని పేరు చూచి పొలము అమ్మవలదు. పాఠ్యప్రణాళికను తెప్పించి చూడవలెను. అందు యంత్రములపేర్లు ఎన్ని, సంఖ్యాశాస్త్రపు మూలసూత్రములెన్ని? యంత్రములు అయిదేండ్లకొకసారి మారిపోవును, సూత్రములు మారవు. విద్యార్థిని క్షేత్రమునకు, కర్మాగారమునకు పంపుదురా, లేక శుభ్రపరచిన అంకెలను బల్లపై వడ్డించి లెక్కచేయుమందురా? అంచనా తప్పినప్పుడు ఎవరికి నష్టమో ఆలోచించుట నేర్పుదురా?

అన్నిటికంటె మంచి పరీక్ష ఇంటనే కలదు. కుమారుని పిలిచి కాగితమును, కలమును చేతికిచ్చి, ఈ రెండెకరముల నిర్ణయమునే లెక్కవేయుమని చెప్పవలెను. రుసుములు, భోజనవసతులు, అప్పుపై వడ్డీ, రెండేండ్లు పోవు సంపాదన, ఆ రెండెకరముల శిస్తుపోను ఆదాయము, ఉద్యోగము దొరుకు అవకాశమెంత, దొరకనిచో తిరుగుదారి యేమి అనునవి అన్నియు వ్రాయించవలెను. విద్యాలయపు ప్రకటనలో నూటికి ఇంతమందికి ఉద్యోగములు వచ్చెనని యున్నచో, ఎంతమంది సమాధానము చెప్పగా వేసిన లెక్క అది, చెప్పక మౌనముగా నున్నవారెందరు, ఆ ప్రకటన వ్రాసినవారికి అంకె పెరుగుటవలన లాభమేమి అని అడిగింపవలెను. సరకు అయిపోయినతరువాత వచ్చి మరలిపోయినవారి లెక్క ఏజెంటు పుస్తకమున లేనట్లే, ఉద్యోగము దొరకక ఊరకున్నవారి లెక్క ఆ ప్రకటనలో నుండకపోవచ్చును.

ఆ బాలుడు ఈ లెక్కను నిజాయితీతో వేసి, తన కోరికకు వ్యతిరేకమైన అంకెలను గూడ దాచక తండ్రియెదుట పెట్టగలిగినచో, అతడు ఈ విద్యకు అర్హుడు. పంపినను పంపకున్నను ఆ యింటికి మేలే జరుగును. ప్రకటనపత్రములోని బియ్యపు లెక్కనే తెచ్చి చూపినచో మాత్రము, ఆ తండ్రి మరికొంతకాలము పొలమును పొలముగనే యుంచుకొనుట మంచిది. ఉప్పు ఎక్కడున్నదో వెదకుట నేర్చిన తరువాత పోవచ్చును.